టేపు మీది గొంతు ఎవరిది?

(నిజామాబాద్‌లో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మూలపడ్డ టేపు రికార్డర్లు, క్యాసెట్లు, టీవీలతో కళాఖండాలు తయారుచేయడం మన అమ్మాయిలకు నేర్పించాలని కొందరు ప్రతిపాదించారు. దాని మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఆ పని వద్దనడానికి నేను రాలేదు. పారేసినదాంట్లోంచి కళ పుట్టించడం మనకు కొత్తేమీ కాదు. చిరిగిన చీరలు పొరలుగా పరిచి బొంతలు కుట్టిన మన అమ్మమ్మలు చేసిందదే. దాన్ని ఇంటిపని అన్నారు. మగవాడు ఇనుప తుక్కును వెల్డింగ్ చేస్తే మాత్రం శిల్పం అన్నారు. ఈ సంగతి మీకు తెలిసిందే కాబట్టి వదిలేస్తాను.

నేను మాట్లాడదలచింది క్యాసెట్ గురించి.

ఈ జిల్లాలో చాలా ఇళ్లకు టేపు రికార్డర్ దుబాయి, మస్కట్‌ల నుంచి వచ్చింది. వలస వెళ్లిన భర్త ఉత్తరం రాస్తే, చదువురాని భార్య దాన్ని మరిది చేతనో పక్కింటి పిల్లవాడి చేతనో చదివించుకోవాలి. ఆమె కన్నా ముందు సంగతి వాళ్లకు తెలుస్తుంది. క్యాసెట్ ఆ మధ్యవర్తిని తీసేసింది. (అత్తగారు పక్కనే కూర్చుంటే అదీ లేదనుకోండి.) బీడీలు చుడుతూ విన్నవాళ్లున్నారు. రాత్రి పిల్లలు పడుకున్నాక గొంతు తగ్గించి జవాబు రికార్డు చేసి, ఊరినుంచి వెళ్లే మనిషి చేతికిచ్చినవాళ్లున్నారు. పంపిన డబ్బు ఎవరు తీసుకున్నారు, పొలం ఎవరు దున్నుతున్నారు, కడుపు ఎందుకు పోయింది, అన్నీ అందులోనే. కొత్త క్యాసెట్ కొనలేక పాతదాని మీదే మళ్లీ మాట్లాడేవారు. అందుకే మిగిలినవి కొన్నే.

బోధన్ షుగర్ ఫ్యాక్టరీ 1937లో పెట్టారు. 2015 డిసెంబరులో మూతపడింది. దాని చరిత్రలో నిజాం పేరుంటుంది, యంత్రాల లెక్కలుంటాయి. చెరకు నరికిన ఆడవాళ్ల మాటలు ఏ రిజిస్టరులో వెతుకుతాం? ఇలాంటి ఇంటి క్యాసెట్లలో కొంత దొరకవచ్చు. అవిప్పుడు కబాడీ దుకాణాల్లో తూకానికి పోతున్నాయి.

దీనికి హక్కుల కోణం ఒకటుంది. టేపు రికార్డును సాక్ష్యంగా తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 1972లోనే, మల్కానీ కేసులో చెప్పింది. మనోవర్తి తగాదాలో, భూమి తగాదాలో భర్త నోటి మాట తప్ప ఇంకే కాగితమూ లేని ఆడవాళ్లను మీరంతా చూసే ఉంటారు. ఆ మాట ఉన్న టేపును ముక్కలు చేసి పూలు చేస్తే?

అమెరికాలో ఆలిస్ సాంటోరో అనే కళాకారిణి క్యాసెట్ టేపును దారంతో కలిపి బట్ట నేయించారు. రికార్డర్‌లోని 'హెడ్'ను ఆ బట్ట మీద రుద్దితే శబ్దాలు కలగలిసి వినిపిస్తాయి. అద్భుతమైన ఆలోచన. అయితే అందులోని శబ్దాలు ఆమె ఎంచుకుని ఎక్కించినవి. మనకు కబాడీలో దొరికే టేపు మీద ఎవరో ఒకామె గొంతు ఉంటుంది, ఆమెను ఎవరూ అడిగి ఉండరు.

కాబట్టి ముందు వినాలి, నకలు తీయాలి, ఆమె దొరికితే అడగాలి. అరవై నిమిషాల క్యాసెట్‌లో దాదాపు 86 మీటర్ల టేపు ఉంటుంది. కత్తిరించడానికి అయిదు నిమిషాలు చాలు. నకలు తీయడానికి మామూలు రికార్డర్ మీద గంటా పడుతుంది. ఆ గంటకు కూలి ఎవరిస్తారు? శిక్షణ బడ్జెట్‌లో జిగురుకు, రంగులకు పద్దులున్నాయి, దీనికి లేదు.

ఇక టీవీలు. పాత టీవీల గాజు గొట్టంలో సీసం ఉంటుంది. దాన్ని పిల్లల చేత పగలగొట్టించకండి. రాగి కోసం వైర్లు కాల్చే పొగ ఎంత చెడ్డదో ఆ పని చేసేవాళ్లనే అడగండి. చెత్త ఏరే అసంఘటిత రంగంలో ప్రపంచమంతటా 1.29 కోట్ల మంది స్త్రీలున్నారని, ఈ-వ్యర్థాల విషం వాళ్లకు తగిలే ప్రమాదముందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. 2022 నాటి ఈ-వ్యర్థాల నియమాలు ఈ కార్మికులను గుర్తించి నమోదుచేసే బాధ్యతను రాష్ట్ర ప్రభుత్వాల మీద పెట్టాయి. మన జిల్లాలో ఎందరు ఆడవాళ్లను నమోదు చేశారో కార్మిక శాఖను లిఖితపూర్వకంగా అడుగుదాం.

శిక్షణకు వాళ్లనూ పిలవండి. ఏ వస్తువులో ఏముందో, దేన్ని ముట్టుకుంటే చేతులు మండుతాయో వాళ్లకు తెలుసు. పిలిచి, రోజు కూలి ఇచ్చి, పాఠం వాళ్ల చేత చెప్పించండి. తయారైన బొమ్మ పక్కన వాళ్ల పేర్లూ రాయండి, వాళ్లు ఒప్పుకుంటే.

నా దగ్గర పనిచేసే రికార్డర్ ఒకటుంది, ఇవాళ తెచ్చాను. సాయంత్రం ఆరింటి దాకా ఇక్కడే ఉంటాను. ఇంట్లో క్యాసెట్లున్నవాళ్లు తీసుకురండి. బూజు పట్టినవైతే యంత్రంలో పెట్టకుండా అలాగే తీసుకురండి.