కట్టెల కొట్టము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఈ వేదికపై పెద్దలు విద్యను గూర్చియు, గ్రంథముల మహిమను గూర్చియు చక్కగా సెలవిచ్చిరి. నేను కట్టెల కొట్టమును గూర్చి మాటలాడుదునని చెప్పగా కొందరు నవ్విరి. నవ్వవచ్చును. కాని భాగవతము చదివినవారు కుచేలోపాఖ్యానమును ఒకమారు తలచుకొందురుగాక. సాందీపని భార్య వంటకట్టెలకై కృష్ణుని, కుచేలుని అడవికి పంపినది. పెనుగాలివాన వచ్చినది. ఆ బాలురు దారి తెలియక రాత్రియంతయు ఒకరి చేయి ఒకరు పట్టుకొని తిరిగిరి. తెల్లవారిన పిమ్మట గురువుగారే వెదకుకొనుచు వచ్చి వారిని దీవించిరి. ఆ స్నేహము గొప్పది, ఆ దీవెనయు గొప్పది. అయినను లెక్కలు వ్రాసి బ్రదుకువాడను గనుక నాకు తోచిన మాట వేరు. ఆ ఆశ్రమమున పది దినములకు చాలిన ఎండుకట్టె నిలువ ఉండినచో పిల్లలకు ఆ రాత్రి తిప్పలు తప్పియుండెడివి.

1999లో దీపము పథకము వచ్చిన పిమ్మట మన ఇండ్లలో గ్యాసుపొయ్యిలు పెరిగినవి. అయినను నీళ్లు కాచుటకు, సంగటి కెలకుటకు, పెండ్లివంటకు నేటికిని కట్టెయే దిక్కుగా ఉన్న ఇండ్లు ఎన్నియో కలవు. సర్కారుతుమ్మ, వేపకొమ్మ, కందికట్టె మాత్రమే కాదు; బోరులెండి కొట్టివేసిన చీనీచెట్లు కూడ పొయ్యిలోనికే వచ్చినవి. పచ్చికట్టె బరువులో మూడవవంతు మొదలు సగమువరకు నీరే ఉండును. ఆ నీరు పోవువరకు కట్టె సరిగా మండదు, పొగ చిమ్మును. ఆ పొగ మన తల్లుల కండ్లలోనికిని, ఊపిరితిత్తులలోనికిని పోవును. కాబట్టి కొట్టము సంగతి వంట చేయువారి ఆయువు సంగతియే.

ఇక నా తప్పు చెప్పుకొందును. పన్నెండేండ్ల క్రిందట నా చేతులతో ఒక కొట్టము కట్టితిని. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానయే పడు సీమ మనది. పైన రేకులు పరచి, వానిపై రాళ్లు పెట్టిన చాలుననుకొంటిని. మే నెలలో ఒక సాయంకాలము ఈదురుగాలి లేచినది. రేకులు రాళ్లతోకూడ ఎగిరినవి. ఒక రాయి పడినచోట క్షణము ముందు మా అమ్మ కట్టెలు ఏరుకొనుచుండెను. దైవవశమున ఆమెకు దెబ్బ తగులలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు లెక్క వేసితిని. కప్పు 12 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. అనగా సుమారు 9 చదరపు మీటర్లు. రేకుల బరువు సుమారు 45 కిలోలు, ఎనిమిది రాళ్లు 40 కిలోలు, వెరసి 85. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో వీచు గాలికి చదరపు మీటరుకు 17 కిలోల ఒత్తిడి ఉండును. అది క్రింద దూరి నెట్టుచు, పైన సాగిపోవుచు లాగుచు, మొత్తము కప్పును 150 కిలోల బలముతో ఎత్తగలదు. వేగము రెట్టింపైనచో బలము నాలుగింతలగును. నా జమ 85, గాలి ఖర్చు 150. ఇట్టి పద్దు నిలుచునా?

మన సీమలో కప్పునకు వానకంటె గాలియే పెద్ద శత్రువు. రామగిరి కొండలపై గాలిమరలు నిలిపినవారు ఈ గాలి బలమెరిగియే నిలిపిరి. అయితే కట్టెను ఆరబెట్టునదియు ఆ గాలియే. కావున కట్టెను గాలికి ఈయవలెను, కప్పును ఈయరాదు. రెండవమారు ఈ ఒక్క సూత్రముతోనే కట్టితిని.

కొట్టము ముఖము తూర్పునకు పెట్టితిని. జూన్ మొదలు సెప్టెంబరు వరకు గాలి పడమటినుండి బలముగా వీచును. ముఖము అటు ఉన్నచో గోనెసంచిలో దూరినట్లు దూరి కప్పును ఎత్తును. వెనుక గోడ కట్టక, సందులు వదలి కందికట్టె తడిక కట్టితిని. గాలి చీలి లోనికి వచ్చును, కట్టె ఆరును.

ముందు 10 అడుగుల రాతికూసములు మూడు, వెనుక ఎనిమిదిన్నర అడుగులవి మూడు. అన్నియు రెండున్నర అడుగుల గుంతలో దింపి, రాళ్లు కూరి, మన్ను దిమ్మిస చేసితిని. కప్పు పడమటికి వాలును. కూసములపై ముందొక దూలము, వెనుకొక దూలము. వానిపై రెండేసి అడుగులకొక వాసము, వాసములపై పట్టెలు, పట్టెలపై రేకులు. కొయ్య నల్లతుమ్మది, బెరడు ఒలిచి వాడవలెను, లేనిచో పురుగు చేరును.

ముఖ్యమైనది కట్టు. రేకు పట్టెకు, పట్టె వాసమునకు, వాసము దూలమునకు, దూలము కూసమునకు బిగియవలెను. కూసము భూమిని పట్టుకొనవలెను. ఇందులో ఒక ముడి వదులైనను తక్కినవన్నియు వృథా. తీగ జారకుండ కూసమునకు గాడి కొట్టించితిని. రేకునకు రంధ్రము మిట్టమీద చేయవలెను, పల్లములో చేసినచో నీరు కారును. మూలలయందు ఏటవాలు కట్టెలు బిగించితిని. కుక్కిమంచము ఊగుట మీరెరుగుదురు. నాలుగు మూలల చట్రము ఊగును, మూడు మూలలది ఊగదు. బోదకప్పు వేయువారికిని ఇదే న్యాయము.

తరువాత చెద. వరాహమిహిరుడు బృహత్సంహితలో చెట్టుచెంత పుట్ట ఉండుట భూగర్భజలమునకు గుర్తుగా చెప్పెను. బావి త్రవ్వువాడు పుట్టను వెదకవలెను. కొట్టము కట్టువాడు పుట్టకు దూరముగా పోవలెను. రాళ్లు పేర్చి, నేలకు అడుగు ఎత్తున బండలు పరచి, వానిపై కట్టె పేర్చవలెను. చెద ఎక్కినచో రాతిమీద మట్టిదారి కనబడును, తుడిచివేయవచ్చును. చీకటిలో చేయి పెట్టవలదు. కర్రతో తట్టి, చూచి తీయవలెను. తేలు, కట్లపాము కట్టెల సందులలోనే ఉండును.

ఈ కొట్టము కట్టిన పిమ్మట ఎన్నియో ఈదురుగాలులు వచ్చినవి. ప్రతి వేసవికి ముందు ముడులు బిగించుచున్నాను, రేకు కదలలేదు.

కడపట గ్రంథాలయ పాలకవర్గమువారికి ఒక విన్నపము. పుస్తకమునకును కట్టెకును శత్రువులు ఒక్కరే: తేమయు, చెదయు. బీరువాలను గోడకు జానెడు ఎడముగా జరిపి, క్రింద బండలు వేయుడు. ఆ పనికి మనిషి కావలసినచో నేను వత్తును. కొట్టము కట్టదలచినవారు మా ఇంటికి వచ్చి చూడవచ్చును. ముడి వేయుట దగ్గరుండి చూపుదును.