పట్టు గొట్టము, ఇంటి వ్యాయామము – నరము దెబ్బతిన్నవారి కుటుంబాలకు



మోతె చుట్టుపక్కల ఊళ్ల నుండి వచ్చే మీలో చాలామంది ఫోనులో చూసిన వైద్యాల గురించి మమ్మల్ని అడుగుతున్నారు. ఈ మధ్య ఒక తల్లి, మణికట్టు వాలిపోయిన కొడుకును పక్కన కూర్చోబెట్టుకొని, "సిస్టర్, పట్టుతోటి నరం అతికిస్తరంట గదా, ఆ మందు ఏడ దొరుకుతది? రెండు గుంటలు అమ్మైనా తెస్తం" అన్నది. ఆమెకు చెప్పినదే మీకూ చెబుతాను. భూమి అమ్మకండి.

నరము పంటకాలువ వంటిది. సాగర్ ఎడమ కాలువకు ఎగువన గండి పడితే చివరి ఆయకట్టుకు నీళ్లు రావు కదా! కొడవలి తెగినా, బండి మీద నుండి పడి ఎముక విరిగినా, పిరుదు మీద వేయరాని చోట సూది వేసినా, కుష్ఠు వ్యాధి వలన నరము వాచినా అదే జరుగుతుంది. దిగువ కండరానికి కబురు అందదు. చెయ్యి వాలుతుంది, పాదము ఈడుస్తుంది, చర్మానికి స్పర్శ పోతుంది.

నరము పూర్తిగా తెగినప్పుడు దిగువనున్న పోగులు కొద్ది రోజుల్లోనే చచ్చిపోతాయి. వాటి తొడుగు మాత్రం మిగులుతుంది. పైనుండి కొత్త పోగు ఆ తొడుగులోనికి పెరగాలి. అది రోజుకు సుమారు 1 మిల్లీమీటరు, అంటే నెలకు ఒక అంగుళము పెరుగుతుంది. మోచేతి దగ్గర దెబ్బ తగిలితే వేళ్ల దాకా రావడానికి సంవత్సరము పట్టవచ్చు. అందుకే "నెల రోజులు చూశాం, ఏమీ గుణం లేదు" అని మానేయకూడదు. కాని కండరము ఎల్లకాలము ఎదురుచూడదు. ఏడాదిన్నర దాటితే నరము చేరినా అది కోలుకోవడం చాలా కష్టము. కాబట్టి కత్తి, కొడవలి, గాజుపెంకు తెగి వేలు మొద్దుబారినా, కదలకపోయినా, పైచర్మం కుట్టించుకొని ఊరుకోకండి. కొద్ది రోజుల్లోపే నరము కుట్టగల సర్జన్‌కు చూపించండి. తెగిన నరాన్ని బలం సూదులు అతికించలేవు.

ఇక పట్టు సంగతి. పట్టుగూటి దారములో రెండు రకాల మాంసకృత్తులున్నాయి. లోపలి పోగు ఫైబ్రోయిన్, దాన్ని అంటుకొని ఉండే జిగురు సెరిసిన్. పట్టుదారాన్ని సబ్బు, సోడా నీళ్లలో ఉడకబెట్టి తీసేది ఈ జిగురునే, బరువులో దాదాపు నాలుగో వంతు. పోచంపల్లి వైపు చుట్టాలున్నవారికి ఇది నేను చెప్పనక్కరలేదు. శుభ్రము చేసిన పట్టుదారముతో గాయాలు కుట్టడం ఆపరేషన్ థియేటర్లలో ఎన్నో ఏళ్లుగా ఉన్నదే. ఇప్పుడు శాస్త్రజ్ఞులు ఫైబ్రోయిన్‌తో సన్నని గొట్టము చేసి, తెగిన నరము రెండు కొసల మధ్య వంతెనగా పెట్టి చూస్తున్నారు. గండి పడిన చోట పైపు వేసినట్టన్నమాట. సెరిసిన్‌ను కూడా ఎలుకలలో వ్యాయామముతో కలిపి పరీక్షించారు. యూరప్‌లో వేళ్ల నరాలకు పట్టు గొట్టము పెట్టి కొద్దిమంది మనుషులలో తొలి పరీక్షలు జరిగాయి. మంచి ఆశే. కాని ఎలుక కాలు జానెడు కూడా ఉండదు, మన కాలు అంత చిన్నది కాదు. పట్టు పేరుతో మాత్రలు, నూనెలు, పొడులు ఎవరైనా అమ్మితే అది ఈ వైద్యము కాదు. మింగిన పట్టు నరము దగ్గరకు పోదు, అన్నములోని పప్పులాగే కడుపులో అరిగిపోతుంది.

మీ చేతిలో ఉన్నది వ్యాయామము. నీళ్లు వచ్చేదాకా పొలము బీడు పడకుండా చూసుకున్నట్టు, నరము వచ్చేదాకా కీళ్లు బిగుసుకుపోకుండా చూడాలి. పాదము వాలినవారిని కాలు చాపి కూర్చోబెట్టి, అరికాలికి తువ్వాలు వేసి, మెల్లగా మోకాలి వైపు లాగి, పది లెక్కపెట్టి వదలండి. పూటకు పదిసార్లు, రోజుకు మూడు నాలుగు పూటలు. మణికట్టు వాలినవారికి రెండో చేతితో పైకి లేపించి వేళ్లు చాపించండి. నొప్పి పుట్టేలా గుంజవద్దు. నరము కుట్టిన ఆపరేషన్ అయినవారు మాత్రం డాక్టరుగారు చెప్పేదాకా ఆ కీలు కదిలించరాదు. కండరములో చిన్న కదలిక కనబడిన రోజు నుండి పేషెంటే స్వయంగా చేయాలి. జాలిపడి మీరే అన్నీ చేసిపెట్టకండి. దెబ్బ తగిలిన చోటికి దిగువన వేలితో తట్టితే చీమలు పాకినట్టుంటే భయపడవద్దు, చాలాసార్లు అది కొత్త పోగు పెరుగుతున్న గుర్తు. రాత్రిళ్లు స్ప్లింట్ విప్పి మూల పెట్టేవారున్నారు. డాక్టరుగారు రాత్రి కూడా ఉంచమంటే ఉంచాల్సిందే.

స్పర్శ పోయిన చర్మాన్ని రోజూ సాయంత్రం వెలుతురులో చూడండి. వేడినీళ్ల కాపడము వద్దే వద్దు. అది పెట్టి బొబ్బలతో వచ్చిన వారికి మేము ఎన్నో కట్లు కట్టాము. పొయ్యి మీది గిన్నె గుడ్డతో పట్టాలి, చెప్పులు లేకుండా పొలానికి పోరాదు.

కుష్ఠు వ్యాధి విషయములో మన మిషన్ ఆసుపత్రులకు పాత అనుభవమున్నది. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసాబెల్ కెర్ దొరసాని, ఆమె భర్త 1915లో కుష్ఠు ఆసుపత్రి తెరిచారు. వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ 1948లో, నరము చచ్చి కొంకర్లు పోయిన చేతులకు, పనిచేసే మరొక కండరపు తాడును మార్చి కుట్టి వేళ్లు ఆడేలా చేయడం మొదలుపెట్టారు. నరము తిరిగి రాకపోయినా దారి ఉన్నదని అప్పుడు తెలిసింది. ఆ ఆపరేషన్‌కు కూడా కీళ్లు మెత్తగా ఉండాలి, తరువాత వ్యాయామము చేయాలి. స్పర్శ లేని మచ్చ ఉన్నా, చేతులు కాళ్లు కొత్తగా బలహీనమైనా దాచిపెట్టకండి. మందులు ప్రభుత్వము ఉచితముగా ఇస్తుంది. నరము దెబ్బతిన్న 6 నెలల లోపు వస్తే వాపు తగ్గించే మందుతో కోలుకునే అవకాశము ఎక్కువ.

ఒక చిన్న నోటుబుక్కు కొనండి. ఎన్ని పూటలు చేయించారో, చీమలు పాకినట్టుండే చోటు ఎంత దిగువకు వచ్చిందో తేదీ వేసి రాయండి. ఈసారి చూపించుకోవడానికి వచ్చేటప్పుడు ఆ బుక్కు, స్ప్లింట్, రోజూ తొడిగే చెప్పులు మూడూ తీసుకొని రండి.