లోపలి గాలిని నమ్మకండి
(వయోజన విద్యా కేంద్రంలో ఒక టీచరు చేసిన ప్రసంగం)



ఈ రోజు మనం గాలి గురించి మాట్లాడుకుందాం.

గాలికి ధర లేదు. సంతలో అమ్మరు. కుండలో నింపి దాచుకోం. అందుకే దాని గురించి ఎప్పుడూ ఆలోచించం. తిండి లేకుండా మనిషి కొన్ని రోజులు బతుకుతాడు. నీళ్లు లేకుండా రెండు మూడు రోజులు ఉంటాడు. మరి గాలి లేకపోతే? కొద్ది నిమిషాలు. అంతే.

మన ఇళ్లలో మగవాళ్లు రకరకాల పనులకు పోతారు. కొందరు బావిలో పూడిక తీస్తారు. కొందరు సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేస్తారు. కొందరు పట్నంలో డ్రైనేజీ మ్యాన్‌హోల్‌లోకి దిగుతారు. కొందరు ఫ్యాక్టరీల్లో పెద్ద ట్యాంకుల లోపలికి పోయి కడుగుతారు, రంగు వేస్తారు. పొద్దున్నే సద్ది కట్టి పంపేది మనం. సాయంత్రం దారి చూసేది మనం. అందుకే ఈ సంగతి వాళ్లతో పాటు మనకూ తెలియాలి.

మంచి గాలి, చెడు గాలి

మనం పీల్చే గాలిలో ప్రాణవాయువు ఉంటుంది. దాన్నే ఆక్సిజన్ అంటారు. వంద పాళ్ల గాలిలో అది సుమారు 21 పాళ్లు. మన ప్రాణం నిలిచేది ఆ 21 పాళ్ల మీదే. అది 19.5 కంటే తగ్గిన చోట మామూలుగా దిగకూడదు. 10 పాళ్లకు పడిపోతే మనిషికి స్పృహ తప్పుతుంది. 6 కంటే తగ్గితే నిమిషాల్లో ప్రాణం పోతుంది.

మూసి ఉన్న చోట ప్రాణవాయువు ఎందుకు తగ్గుతుంది? చెత్త, బురద, ఆకు అలము కుళ్లేటప్పుడు దాన్ని తినేస్తాయి. ఇనుప ట్యాంకు లోపల తుప్పు పట్టినా అది ఖర్చవుతుంది. పూర్వం ధాన్యాన్ని పాతరలో దాచేవారు కదా. మూత తీయగానే దిగకూడదని పెద్దవాళ్లు చెప్పేవారు. ధాన్యం కూడా ఊపిరి తీసుకుంటుంది. పాతరలోని ప్రాణవాయువును వాడేసి, బొగ్గుపులుసు గాలిని వదులుతుంది. ఈ గాలి బరువైనది. గుంటలో కిందనే నిలిచిపోతుంది.

ప్రాణవాయువు తగ్గడమే కాదు, విషగాలులు కూడా చేరుతాయి. సెప్టిక్ ట్యాంకులో, డ్రైనేజీలో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే గాలి పుడుతుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. ఇక్కడ ఒక మోసం ఉంది. ఆ విషం ఎక్కువైతే ముక్కు మొద్దుబారిపోతుంది. వాసన తెలియదు. "వాసన పోయింది, ఇక భయం లేదు" అనుకుని మనిషి దిగుతాడు. ఇక పైకి రాడు.

మీథేన్ అనే ఇంకో గాలి ఉంది. దానికి వాసన లేదు. నిప్పు తగిలితే పేలుతుంది. అందుకే మ్యాన్‌హోల్ దగ్గర బీడీ ముట్టించకూడదు. అగ్గిపుల్ల గీసి చూడకూడదు.

దీపం దించి చూడటం మన ఊళ్లలో పాత అలవాటు. ఆరిపోతే చెడు గాలి, వెలిగితే మంచి గాలి అంటారు. దీన్ని నమ్మవద్దు. మనిషిని చంపే విషం ఉన్నా దీపం వెలుగుతూనే ఉండవచ్చు. మీథేన్ ఉంటే ఆ దీపమే పేలుడు తెస్తుంది. వేపకొమ్మ దించి తిప్పడం కూడా చాలదు. గాలిని కొలిచే చిన్న మీటరు ఉంటుంది. దాన్ని తాడుకు కట్టి పైన, మధ్యన, అడుగున మూడు చోట్లా చూడాలి. లోపల పని జరుగుతున్నంతసేపూ చూస్తూనే ఉండాలి. బురద కలిపితే అడుగున ఉన్న విషం పైకి వస్తుంది.

గుడ్డ కట్టుకుంటే చాలదా?

"ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంటే చాలదా టీచరమ్మా?" అని మొన్న ఒక అక్క అడిగింది. మంచి ప్రశ్న. చాలదు అక్కా.

జల్లెడ పిండిలో పురుగును ఆపుతుంది. అసలు డబ్బాలో పిండే లేకపోతే జల్లెడ ఏం చేస్తుంది? గుడ్డ, కరోనా రోజుల్లో కట్టుకున్న మాస్కు, దుమ్ము మాస్కు, ఇవన్నీ జల్లెడ లాంటివి. దుమ్మును ఆపుతాయి. విషగాలిని ఆపలేవు. లేని ప్రాణవాయువును తేలేవు.

అలాంటి చోట బయటి మంచి గాలిని లోపలి మనిషికి అందించాలి. దానికి రెండు రకాల సామాను ఉంది.

ఒకటి పైపు గాలి. బయట ఒక యంత్రం ఉంటుంది. అది గాలిని పైపులోకి తోస్తుంది. పైపు చివర మాస్కు ఉంటుంది. అది ముఖమంతా కప్పుతుంది.

రెండోది వీపు సిలిండరు. అందులో నొక్కి నింపిన మంచి గాలి ఉంటుంది. మంటలు ఆర్పే ఫైరింజను వాళ్లు వేసుకునేది ఇదే. సైజును బట్టి అరగంటో, ముప్పావు గంటో వస్తుంది. కష్టపడి పని చేస్తే ఇంకా ముందే అయిపోతుంది. గాలి తగ్గినప్పుడు ఈల మోగుతుంది. ఈల వినగానే పైకి రావాలి. "ఇంకో రెండు తట్టలే కదా" అని ఆగకూడదు.

సామాను ఉంటే చాలదు, వాడటం తెలియాలి

మాస్కు వేసుకోగానే భయం లేదని అనుకోకండి. సరిగా వాడకపోతే అదే ప్రాణం తీస్తుంది. ఈ మాటలు జాగ్రత్తగా వినండి.

పైపులోకి పోయే గాలి ఎక్కడిది? ఇది మొదట చూడాలి. యంత్రం పక్కన జనరేటరు నడుస్తుంటుంది. లారీ ఆగి పొగ వదులుతుంటుంది. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. ఆ పొగ పైపులో పోతే లోపలి మనిషికి మనమే విషం పెట్టినట్టు. యంత్రాన్ని పొగకు దూరంగా, గాలి వీచే వైపున పెట్టాలి. బావిలో ఆయిల్ ఇంజను దించి నడపడం కూడా ఇందుకే ప్రమాదం.

పంక్చరు షాపులో టైర్లకు గాలి కొట్టే కంప్రెసరు తెచ్చి వాడకూడదు. అందులో నూనె ఆవిరి వస్తుంది. మనిషి పీల్చే గాలికి వేరే యంత్రం, వేరే వడపోత ఉంటాయి.

సిలిండరు మీద ఏం రాసి ఉంది? ఇక్కడే మన చదువు పనికి వస్తుంది. రంగు చూసి నమ్మవద్దు. పేరు చదవాలి. పీల్చే గాలి అని ఉండాలి. నైట్రోజన్ సిలిండరు తగిలించారా, రెండు మూడు ఊపిరులకే మనిషి పడిపోతాడు. ఉక్కిరిబిక్కిరి కూడా కాడు. తెలియకుండానే పోతాడు. "ఆక్సిజన్ మంచిదే కదా" అని ఆ సిలిండరు తెచ్చి లోపలికి వదలకూడదు. ఆక్సిజన్ ఎక్కువైతే చిన్న నిప్పురవ్వకే బట్టలు భగ్గున మండుతాయి.

మాస్కు ముఖానికి అంటుకోవాలి. గడ్డం గుబురుగా ఉంటే సందుల్లోంచి చెడు గాలి దూరుతుంది. వేసుకున్నాక గాలి వచ్చే దారిని అరచేత్తో మూసి ఊపిరి పీల్చి చూడాలి. మాస్కు ముఖానికి గట్టిగా అతుక్కుంటే మంచిది. అతుక్కోకపోతే మళ్లీ సర్దాలి. లోపల మాట్లాడటానికని మాస్కు తీయకూడదు. తాడు లాగి సైగ చేయాలి. ఒకసారి లాగితే ఏమిటి, రెండుసార్లు లాగితే ఏమిటి అని దిగక ముందే చెప్పుకోవాలి.

పైపు నలగకూడదు. దాని మీద బండి పోకూడదు. ఒకవేళ గాలి ఆగిపోతే? అందుకే నడుముకు ఒక చిన్న సిలిండరు కూడా ఉండాలి. బయటపడే దాకా అది సరిపోతుంది.

నడుముకు, భుజాలకు పట్టీలు కట్టి, వాటికి తాడు కట్టాలి. తాడు రెండో కొస పైన ఉన్న మనిషి చేతిలో ఉండాలి. ఈ పైమనిషి టీకి పోకూడదు, పక్కకు పోకూడదు. ఎట్టి పరిస్థితుల్లోనూ తాను దిగకూడదు.

ఇదేమీ కొత్త మాట కాదు. 1948లోనే మన దేశం ఫ్యాక్టరీల చట్టంలో ఇది రాసుకుంది. గాలి బాగుందని తెలిసిన మనిషి పరీక్షించి కాగితం మీద రాసివ్వాలి. లేదా లోపలికి పోయేవాడికి గాలి సామాను, తాడు కట్టిన బెల్టు ఉండాలి. తాడు కొస బయటి మనిషి పట్టుకోవాలి. రాత ఎప్పుడో ఉంది. అమలే వెనకబడింది.

కాపాడబోయి చనిపోవద్దు

2015 నవంబరులో కేరళలోని కోజికోడ్‌లో ఒక ఘోరం జరిగింది. ఆంధ్రా నుంచి పనికి పోయిన ఇద్దరు మ్యాన్‌హోల్‌లో చిక్కుకున్నారు. ఒక ఆటో డ్రైవరు అది చూశాడు. వాళ్లెవరో అతనికి తెలియదు. వాళ్ల భాష కూడా వేరు. అయినా కాపాడాలని దిగాడు. ముగ్గురూ చనిపోయారు.

ఆ మనిషి మనసు గొప్పది. కాని మంచి మనసుకు విషగాలి జాలిపడదు. ఇలాంటి మూసిన చోట్ల చనిపోయిన వారిలో నూటికి 60 మందికి పైగా కాపాడబోయిన వాళ్లేనని 1986లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి హెచ్చరించింది. అన్న పడిపోతే తమ్ముడు దూకుతాడు. తండ్రి పడిపోతే కొడుకు దూకుతాడు. ఒక ఇంట్లో ఒకరు పోవలసిన చోట ముగ్గురు పోతారు.

మరి ఏం చేయాలి? కేకలు వేయండి. 101కి ఫోను చేసి ఫైరింజను పిలవండి. "గాలి సిలిండర్లు ఉన్నవాళ్లు కావాలి" అని చెప్పండి. 108కి చేసి అంబులెన్సు పిలవండి. తాడు కట్టి ఉంటే పైనుంచే లాగండి. ఆ తాడు విలువ అప్పుడు తెలుస్తుంది. పైకి తెచ్చాక బయలు గాలిలో పడుకోబెట్టండి. ఊపిరి లేకపోతే రొమ్ము నడిమి ఎముక మీద రెండు చేతులతో గట్టిగా, త్వరత్వరగా నొక్కుతూ ఉండండి. అంబులెన్సు వచ్చేదాకా ఆపకండి.

అసలు మనిషి ఎందుకు దిగాలి?

ఇంకో మాట అడుగుతాను. మ్యాన్‌హోల్‌లో దిగేది ఎవరు? ఎక్కువ మంది దళిత కుటుంబాల వాళ్లే. పేదవాళ్లే. ఇది తలరాత కాదు. మనుషులు పెట్టిన రాత.

దీన్ని మార్చాలని పోరాడినవాళ్లున్నారు. బెజవాడ విల్సన్ పాకీ పని చేసే తెలుగు కుటుంబంలో పుట్టారు. వాళ్లది కర్ణాటకలోని కోలారు బంగారు గనుల ఊరు. ఆయన, ఇంకా ఎందరో కలిసి సఫాయి కర్మచారీ ఆందోళన్ నడిపారు. 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2013లో కొత్త చట్టం వచ్చింది. రక్షణ సామాను లేకుండా ఎవరినీ మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దింపకూడదని ఆ చట్టం చెబుతుంది. దింపిన వారికి మొదటి తప్పుకే రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కాంట్రాక్టరైనా, ఇంటి యజమాని అయినా ఒకటే.

మురుగు కాలువలో చనిపోయిన వారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఎవరైనా పదివేలో ఇరవైవేలో చేతిలో పెట్టి, కాగితం ముందుకు తోసి సంతకం చేయమనవచ్చు. చేయకండి. ముందు చదవండి. అర్థం కాకపోతే ఇంకొకరితో చదివించుకోండి. వేలిముద్ర రోజులు మనకు పోయాయి.

కాని డబ్బు మనిషిని తేదు. మనిషి దిగకుండా యంత్రం చేస్తే అదే అన్నిటికన్నా మంచిది. 2017లో హైదరాబాదు జలమండలి ఇరుకు సందుల్లో తిరిగే చిన్న యంత్రాలు తెచ్చింది. 2018లో కేరళలో మ్యాన్‌హోల్‌లో పూడిక తీసే యంత్రం పనిలోకి దిగింది. మన మునిసిపాలిటీలో ఎందుకు లేదని మనం అడగవచ్చు. అర్జీ రాయడం నేర్చుకున్నాం కదా! మొదటి అర్జీ ఇదే రాద్దాం.

ఇంట్లో అడగవలసిన ప్రశ్నలు

ఈ ఆరు ప్రశ్నలు పలక మీద రాయండి. ఇంటికి పోయాక గోడ మీద రాసుకోండి.

1. యంత్రంతో కాదా? మనిషే దిగాలా?
2. గాలిని మీటరుతో కొలిచారా?
3. పీల్చే గాలి ఎక్కడినుంచి వస్తుంది? పక్కన పొగ ఉందా?
4. సిలిండరు మీద పేరు చదివారా?
5. తాడు ఉందా? పైన ఎవరు పట్టుకుంటారు?
6. ప్రమాదం వస్తే ఎవరికి ఫోను చేస్తారు?

ఒక్కదానికి జవాబు లేకపోయినా ఆ రోజు దిగవద్దని చెప్పండి. "కూలి పోతుంది" అంటారు. నిజమే. ఒక రోజు కూలి పోతే మనకు కష్టమే. అప్పు తెచ్చుకుంటాం, గంజి తాగి పడుకుంటాం. రేపు మళ్లీ సంపాదించుకుంటాం. పోయిన ఊపిరిని ఏ సంతలో కొని తెస్తాం?

ఒక్కొక్కరం చెబితే మేస్త్రీ వినకపోవచ్చు. "నువ్వు కాకపోతే ఇంకొకడు" అంటాడు. అందుకే పది ఇళ్ల వాళ్లం ఒకే మాట మీద ఉండాలి. గాలి సామాను లేనిదే మా వాడలో ఎవరూ దిగరు. ఆ మాట పది గొంతులు అంటే మేస్త్రీ వింటాడు, కాంట్రాక్టరూ వింటాడు.

ఈ పాఠం చదివిన ప్రతి అక్కా ఇంకో ఇద్దరికి చదివి వినిపించండి. చదువు పలక మీద ఉంటే సరిపోదు. గడప దాటి పనికి పోయేవాడి వెంట కూడా పోవాలి.