పాలస్తీనా గొడవలో బయటోళ్లు ఏం చేయాల?

(వేంపల్లె సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)



యాడనో ఉండే పాలస్తీనా గురించి వేంపల్లెలో సభేంది, మనకేం పని అని కొందరు అడిగినారు. ఈ మాట మనకు కొత్తగాదు. 2001లో డర్బన్‌లో ఐక్యరాజ్యసమితి జాతివివక్ష వ్యతిరేక సభ జరిగింది. కులం గురించి కూడా చర్చించమని దళితులు అడిగితే, అది మా ఇంటి విషయమని భారత ప్రభుత్వం అడ్డం పడింది. ఇజ్రాయెల్‌ను తప్పుపట్టే మాటలున్నాయని అమెరికా, ఇజ్రాయెల్ అదే సభ నుంచి లేచిపోయినాయి.

కారంచేడు గుర్తు చేసుకోండి. 1985 జూలై 17న ఆరుగురు మాదిగలను చంపినారు. బతికినోళ్లు చీరాలలో శిబిరం పెట్టుకుంటే బయటి జనం తోడొచ్చినారు. దళిత మహాసభ అట్లా పుట్టింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపితే, ప్రత్యేక కోర్టు మా ఊళ్లోనే పెట్టాలని పట్టుబట్టి సాధించినారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. అయినా విచారణ ఊరి నడిమికి వచ్చిందంటే, బాధితుల పట్టుదలకు బయటి వత్తిడి తోడయినందుకే.

‘ఇద్దరిదీ తప్పే, సర్దుకోండి’ అనే పెద్దమనుషుల పంచాయితీ ఎవరికి లాభమో మనకు తెలుసు. భూమి, నీళ్లు, తుపాకీ ఒకరి చేతిలోనే ఉంటే రాజీ అంటే లొంగిపోవడమే. 1993 ఓస్లో ఒప్పందం తర్వాత కూడా ఆక్రమిత నేల మీద ఇజ్రాయెల్ కాలనీలు పెరుగుతూనే వచ్చినాయి.

అట్లని 2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో సుమారు 1200 మందిని చంపడం, పసిపిల్లలను, ముసలోళ్లను బందీలుగా ఎత్తుకపోవడం న్యాయమని మనం అనం. అది నేరమే. కానీ కొందరి నేరానికి వాడంతా తగలబెట్టొచ్చా? గాజా ఆరోగ్యశాఖ లెక్కలో 2025 జూలైకే చనిపోయినోళ్లు 60 వేలు దాటినారు.

మరి బయటి దేశాలు ఏం చేయాల?

ఒకటి, ఆయుధాల ఇచ్చిపుచ్చుకోవడం ఆపాల. ఇది దూరం సంగతి కాదు. అదానీ, ఇజ్రాయెల్ ఎల్బిట్ కంపెనీలు కలిసి 2018లో డ్రోన్ల ఫ్యాక్టరీ తెరిచింది హైదరాబాదులోనే.

రెండు, చట్టం అందరికీ ఒకటిగా నడవాల. ఆక్రమణ చట్టవిరుద్ధమని, అది నిలబడడానికి ఏ దేశమూ సాయపడగూడదని అంతర్జాతీయ న్యాయస్థానం 2024 జూలై 19న చెప్పింది. ఆ సెప్టెంబర్‌లో ఐక్యరాజ్యసమితిలో 124 దేశాలు దాని వైపు ఓటేస్తే, మన దేశం ఎటూ వేయకుండా కూర్చుంది. 1988లో పాలస్తీనాను గుర్తించింది ఈ దేశమే! 1992లో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకున్న పి.వి.నరసింహారావు మన పక్క నంద్యాల ఎంపీనే. సంబంధం పెట్టుకోనీ, తప్పును తప్పనడానికి నోరు రావాల గదా?

మూడు, 2025 అక్టోబర్‌లో కాల్పుల విరమణ ఒప్పందమైంది. దాంతోనే అయిపోలేదు. తిండి, మందులు అడ్డం లేకుండా పోవాల. వాళ్ల బతుకు గురించి జరిగే చర్చలో పాలస్తీనీయులు కూర్చోవాల. మనల్ని వాకిట్లో నిలబెట్టి మన తీర్పు చెప్పే పద్ధతి మనకొద్దు, వాళ్లకూ వద్దు.

ఈ మూడు మాటలతో కేంద్రానికి అర్జీ రాసినాం. వాడవాడకూ తీసకపోయి, చదివి వినిపించి, సంతకాలు పెట్టించండి.

జై భీమ్!