తలమీద తైలం: మెస్సీయ ఎవరన్న క్రైస్తవ విశ్వాసం



ఎవరి పేరున ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ మాస్టారి దగ్గర చదువుకున్నవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉన్నారు. పాఠం మధ్యలో ఎవరైనా "ఇది ప్రవచన నెరవేర్పు మాస్టారూ" అన్నారంటే చాలు, ఆ ప్రవచనం ఉన్న అధ్యాయం తెరిపించి మొదటి వచనం నుంచి చివరిదాకా పైకి చదివించేవారు. చదివించాక తానేమీ అనేవారు కాదు. మనమే ఇబ్బందిపడి తలకాయ గోక్కునేవాళ్లం. నేను ఇవాళ మాట్లాడబోయేది ఆ ఇబ్బంది గురించే.

మన సువార్త సభల్లో తరచూ వినబడే వాదం ఒకటుంది. మెస్సీయ ఎలా ఉంటాడో పాత నిబంధనలో ముందే రాసిపెట్టి ఉంది, పుట్టే ఊరు దగ్గర్నుంచి చచ్చిపోయే తీరు దాకా. యేసులో అవన్నీ ఒకటొకటిగా కుదిరాయి. కాబట్టి ఆయనే మెస్సీయ. పెళ్లిచూపుల్లో జాతకాలు సరిచూసినట్టుంటుంది ఈ వాదం. అన్నీ కుదిరినా యూదులు ఒప్పుకోలేదంటే వాళ్ల కళ్లు మూసుకుపోయాయని ముగింపు. దీన్ని పూర్తిగా అబద్ధమని నేను అనను. కాని మొదటి శిష్యులు నమ్మిన తీరు ఇది కాదు. వాళ్లది దీనికి తలకిందులు. ముందు నమ్మకం కలిగింది, ఆ తర్వాతే లేఖనాలు వాళ్లకి కొత్తగా అర్థమయ్యాయి.

మెస్సీయ అన్నా క్రీస్తు అన్నా అభిషిక్తుడనే. ఒకటి హెబ్రీ నుంచి వచ్చింది, రెండోది గ్రీకు నుంచి. ఇశ్రాయేలులో రాజుని సింహాసనం మీద కూర్చోబెట్టేముందు తల మీద నూనె పోసేవారు. సమూయేలు సౌలుకి పోశాడు, తర్వాత గొర్రెలు కాచుకునే దావీదుకి పోశాడు. ప్రధాన యాజకులకూ ఇదే పద్ధతి. యెషయా గ్రంథం 45వ అధ్యాయమైతే పారశీక రాజు కోరెషునే దేవుని అభిషిక్తుడంది. ఆయన యూదుడు కాడు, ఇశ్రాయేలు దేవుణ్ణి ఎరిగినవాడూ కాడని ఆ అధ్యాయమే చెబుతుంది. క్రీ.పూ. 539లో బబులోనును గెలిచి, చెరలో ఉన్న యూదుల్ని ఇంటికి పోనిచ్చాడు, అంతే. అంటే మొదట్లో ఇది ఒక పని అప్పగించిన మనిషికి ఇచ్చే పేరు. లోకాంతంలో వచ్చే ఒకే ఒక్క రక్షకుడికి కట్టిపెట్టిన బిరుదు కాదు.

దావీదు వంశపు సింహాసనం కూలిపోయి, మళ్లీ లేవకపోయేసరికి ఆశ భవిష్యత్తులోకి జరిగింది. క్రీ.పూ. 63లో రోమా సేనాపతి పాంపే యెరూషలేములో అడుగుపెట్టాక రాసిన సొలొమోను కీర్తనల్లో (ఇవి మన బైబిలులో లేవు) దావీదు కుమారుడు వచ్చి నగరాన్ని అన్యజనుల చేతిలోంచి విడిపించి, న్యాయంగా ఏలాలని కోరుకున్నారు. అదే కాలంలో మృతసముద్రం ఒడ్డున కుమ్రానులో ఉన్నవాళ్లు ఇంకోలా ఎదురుచూశారు. 1947 నుంచి అక్కడి గుహల్లో బయటపడ్డ చుట్టల్లో వాళ్ల సమాజ నియమావళి ఉంది. అందులో ఒక ప్రవక్త, ఆయనతోబాటు ఇద్దరు అభిషిక్తులు వస్తారని ఉంది. ఒకరు అహరోను వంశపు యాజకుడు, ఒకరు ఇశ్రాయేలు పాలకుడు. మెస్సీయ సంగతే పట్టించుకోని యూదులు కూడా ఉండేవారు. ఒక్కో గుంపుది ఒక్కో ఎదురుచూపు. సరిచూసుకోవడానికి అందరూ ఒప్పుకున్న జాబితా అంటూ ఆ రోజుల్లో లేదు.

ఇప్పుడు మార్కు సువార్త ఎనిమిదో అధ్యాయానికి రండి. ఈ అధ్యాయాన్ని మనం తొందరగా చదివేస్తాం.

ఆ కథ జరిగిన ఫిలిప్పుదైన కైసరయ అంటే హెర్మోను కొండ కింద, యొర్దాను ఊటల్లో ఒకటి పుట్టే చోటు. గ్రీకుల పాన్ దేవుడి గుహ అక్కడుండేది. ఆ దగ్గర్లోనే హేరోదు ఔగుస్తు కైసరుకి గుడి కట్టించాడు. అతని కొడుకు ఫిలిప్పు ఊరిని పెంచి కైసరు పేరు పెట్టాడు. అన్యదేవతల గాలి, చక్రవర్తి గాలి కలిసి వీచే ప్రాంతమది. ఆ ఊళ్ల దారిలో నడుస్తూ యేసు శిష్యుల్ని అడిగాడు, జనం నన్ను ఎవరనుకుంటున్నారని. బాప్తిస్మమిచ్చే యోహాను అన్నారు, ఏలీయా అన్నారు, ప్రవక్తల్లో ఒకడన్నారు. మరి మీరేమంటారని అడిగితే పేతురు, నువ్వు క్రీస్తువి అన్నాడు.

మత్తయిలోనైతే ఇక్కడ పేతురుకి మెప్పు, పరలోక రాజ్యపు తాళపుచెవులు దొరుకుతాయి. మార్కులో మెప్పే లేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని గట్టి హెచ్చరిక మాత్రం ఉంది. ఆ వెంటనే, మనుష్యకుమారుడు బాధపడాలి, పెద్దలూ యాజకులూ కాదనాలి, చంపబడాలి, మూడు రోజులయ్యాక లేవాలి అన్న బోధ. పేతురు ఆయన్ని పక్కకి తీసుకెళ్లి మందలించాడు. అందుకు ఆయన పేతురుని సాతాను అన్నాడు. సరైన జవాబు చెప్పిన నోటికే ఈ తిట్టు! జర్మన్ పండితుడు విల్హెల్మ్ వ్రేడె 1901లో ఈ గోప్యత గురించి ఒక పుస్తకమే రాసి, ఇదంతా తర్వాతి సంఘం అల్లుకున్నదన్నాడు. నాకలా అనిపించదు. పేతురు బిరుదు సరిగానే పట్టుకున్నాడు, ఆ బిరుదులో ఏముందో పట్టుకోలేదు. అతని మనసులో ఉన్నది సొలొమోను కీర్తనల్లోని రాజు. ఈ సంభాషణకి సరిగ్గా ముందు మార్కు ఏ కథ పెట్టాడో చూడండి. బేత్సయిదాలో ఒక గుడ్డివాడికి చూపు రెండు విడతల్లో వచ్చింది. మొదటి విడతలో మనుషులు నడిచే చెట్లలా కనబడ్డారు. పేతురుకి ఆ దారిలో కనబడింది కూడా ఈ మొదటి విడత చూపే.

ఇంకో ప్రశ్న. ఈయన అభిషిక్తుడైతే, తల మీద తైలం పోసిందెవరు? బాప్తిస్మమప్పుడు ఆత్మ దిగి వచ్చింది, దేవుడే అభిషేకించాడు అని సంఘం జవాబిస్తుంది. లూకా రాసిన సువార్తలోనూ అపొస్తలుల కార్యాల్లోనూ ఆ మాట స్పష్టంగానే ఉంది. కాదనను. నిజం తైలం మాటేమిటి మరి? ఏ ప్రధాన యాజకుడూ పోయలేదు. ఏ ప్రవక్తా నూనె కొమ్ము పట్టుకుని రాలేదు.

పస్కాకి రెండు రోజుల ముందు బేతనియలో, కుష్ఠరోగి సీమోను ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు ఒక ఆడమనిషి అత్తరుబుడ్డి పగలగొట్టి ఆయన తల మీద పోసింది. అచ్చ జటామాంసి. మన హిమాలయాల్లో పెరిగే మొక్క వేరునుంచి తీసే నూనె అది. అంత దూరం నుంచి వెళ్లింది గనకే అంత ఖరీదు. మూడు వందల దేనారాలకి పైగా పలికేదని అక్కడున్నవాళ్లు సణిగారు. దేనారం కూలివాడి ఒకరోజు కూలి. ఏడాది కూలి దాదాపుగా ఒక్క నిమిషంలో నేల పాలైందని వాళ్ల బాధ. యేసు ఆమెని వెనకేసుకొచ్చాడు. నా శరీరాన్ని పాతిపెట్టడానికి ముందుగానే సిద్ధం చేసిందన్నాడు. మార్కు ఆమె పేరు కూడా రాయలేదు. రాజుల తల మీద పోసే తైలం ఈ కథలో శవానికి పూసే తైలమైంది. మార్కు ఇది కావాలనే ఇక్కడ పెట్టాడని నా నమ్మకం. ఇంకా కొన్ని పుటల్లో ప్రధాన యాజకుడు నువ్వు క్రీస్తువా అని అడుగుతాడు, ఆయన మొదటిసారి దాపరికం లేకుండా ఔనంటాడు. అప్పటికి ఆయన బందీగా ఉన్నాడు. ఇక ఆ మాట విని ఎవరూ కత్తి పట్టుకుని లేవరు.

సిలువ మీద పెట్టిన నేరారోపణ, యూదుల రాజు అని. యోహాను లెక్కన మూడు భాషల్లో రాశారు. ఆ కాలపు యూదుడికి ఈ వ్యవహారం ఇక్కడితో ముగియాలి. మ్రానుకి వేలాడదీసినవాడు దేవుని శాపం కిందివాడని ద్వితీయోపదేశకాండం. రోమా చేతిలో చచ్చిన మెస్సీయ అంటే ఓడిపోయిన మెస్సీయ. ఇలా ముగిసిపోయినవాళ్లు ఉన్నారు కూడా. గలిలయుడైన యూదా, థూదా పేర్లు ధర్మశాస్త్ర బోధకుడు గమలీయేలు నోట కార్యాల గ్రంథంలోనే వస్తాయి. ఒక శతాబ్దం తర్వాత, 132లో తిరుగుబాటు చేసిన బార్ కోఖ్బాని మహాపండితుడు రబ్బీ అకీవా మెస్సీయ అన్నాడు. 135లో బార్ కోఖ్బా చచ్చిపోయాడు, ఆ నమ్మకమూ అక్కడితో చచ్చిపోయింది.

యేసు విషయంలో ఎందుకు చావలేదు? పునరుత్థానం వల్ల అని ప్రతి క్రైస్తవుడూ అంటాడు. నేనూ అంటాను. కాని ఒక్క అడుగు ఆగండి. చనిపోయి లేచినవాడే మెస్సీయ అని యూదుల ఏ గ్రంథమూ చెప్పలేదు. లేచినంత మాత్రాన రాజైపోతే లాజరు కూడా రాజే. నార్వే పండితుడు నిల్స్ డాల్ గత శతాబ్దంలో చూపించిన దారి నాకు బాగుంటుంది. ఆయన్ని చంపిందే రాజునన్నాడన్న అభియోగం మీద. మనుషులిచ్చిన ఆ తీర్పుని దేవుడు కొట్టేశాడని శిష్యులు నమ్మారు. తీర్పు తప్పైతే, చంపబడ్డవాడు నిజంగానే రాజు. అంటే మెస్సీయ అన్న పేరు శిష్యుల చేతికి వచ్చింది రోమా వాడు కొట్టించిన బోర్డు మీద నుంచి. ఏ ప్రవచనాల జాబితానుంచీ కాదు.

ఆ తర్వాతే లేఖనాలు తెరిచారు. లూకా 24లో ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు, ఆయనే విడిపిస్తాడని ఆశపడ్డామంటూ భూతకాలంలో మాట్లాడతారు. పక్కన నడుస్తున్న మనిషి మోషే మొదలు ప్రవక్తలందర్నీ వివరించాక, రొట్టె విరిచినప్పుడు గుర్తుపడతారు. ఆ చూపుతో యెషయా 53 చదివితే దెబ్బలు తిన్న సేవకుడిలో యేసు కాక ఇంకెవరు కనబడతారు? మాస్టారు అధ్యాయం మొత్తం చదివించేవారన్నాను కదా, ఇక్కడ ముందు అధ్యాయాలు కూడా చదవాలి. 41లో, 44లో, 49లో ఆ సేవకుడి పేరు ఇశ్రాయేలు అని రాసే ఉంది. పదకొండో శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రాషీ 53ని కూడా అలాగే, బాధలు పడుతున్న ఇశ్రాయేలు జాతి గురించే అని వివరించాడు. అలా చదివినవాడిని గుడ్డివాడనడానికి నాకు నోరు రాదు.

అదే చూపు మత్తయిలో, యేసు యెరూషలేములోకి వచ్చే చోట చూడండి. గాడిద మీద, గాడిదపిల్ల మీద ఎక్కి రాజు వస్తాడని జెకర్యా. హెబ్రీ కవిత్వంలో ఒకే సంగతి రెండుసార్లు చెప్పడం రివాజు. అక్కడున్నది ఒకే జంతువు. మార్కు, లూకాల్లో కూడా ఒకటే. మత్తయి మాత్రం రెంటినీ తోలుకొచ్చి, రెంటి మీదా బట్టలు పరిపించి, యేసుని వాటి మీద కూర్చోబెట్టాడు. ఇది చూసి వెటకారం చేసేవాళ్లున్నారు. నాకైతే జరిగిన సంగతిలో ప్రవచనపు ప్రతి అక్షరం చూడాలన్న ఒక యూదు భక్తుడి తహతహ కనబడుతుంది.

దేవుని కుమారుడన్న మాటకీ ఇలాంటి ప్రయాణమే ఉంది. రెండో కీర్తనలో అది సింహాసనం ఎక్కే దావీదు వంశపు రాజుకి ఇచ్చే గౌరవం. ఆ మాట యేసుకి వర్తించినప్పటినుంచి 325లో నీకయ సభ, కుమారుడూ తండ్రీ ఒకే తత్త్వమని అరియు అనే బోధకుడికి వ్యతిరేకంగా తేల్చేదాకా దాదాపు మూడు వందల ఏళ్ల వాదులాట. మన దగ్గర కథ తలకిందులు. అవతారాల కథలు వింటూ పెరిగిన ఊళ్లు కదా, యేసు దేవుడంటే ఒప్పుకోవడం మనవాళ్లకి పెద్ద కష్టం కాదు. ఆయన ఒక యూదుడని, ఆ జాతి రాజరికం మీద ఆశలు మోసినవాడని గుర్తుపెట్టుకోవడమే కష్టం. క్రీస్తు అన్నది ఇంటిపేరనుకునే విశ్వాసులు మన సంఘాల్లో లేకపోలేదు.

యూదుల కాదనడం వెనక మొండితనం లేదు, వాదన ఉంది. 1263లో బార్సెలోనాలో ఆరగాను రాజు జైమే ఎదుట రబ్బీ నహ్మానిదెసుని నిలబెట్టి, యూదుడిగా పుట్టి క్రైస్తవుడైన పాబ్లో క్రిస్టియానీతో వాదం పెట్టించారు. మెస్సీయ వచ్చేశాడా లేదా అన్నదే అంశం. నహ్మానిదెసు తానే రాసిపెట్టిన వృత్తాంతం ప్రకారం, మెస్సీయ వస్తే జనాలు యుద్ధం నేర్చుకోరని ప్రవక్తలన్నారు, యేసు కాలంనుంచి ఇప్పటిదాకా లోకం హింసతో నిండే ఉంది, పైగా యుద్ధం మానితే మీకూ మీ యోధులకూ ఎంత కష్టమో కదా అని రాజుగారి మొహం మీదే అన్నాడు. రాజు ఆయనకి డబ్బిచ్చి పంపాడు. కాని ఆ తర్వాత ఒత్తిళ్లు పెరిగి ఆ ముసలాయన దేశం విడిచి పవిత్రభూమికి పోవాల్సివచ్చింది. యూదుల్ని క్రీస్తు హంతకులన్న మాట ఐరోపాలో ఎన్ని ఊళ్లు తగలబెట్టిందో మీకు తెలుసు. ఆ నెపాన్ని యూదు జాతి మొత్తం మీద మోపరాదని రోమన్ కతోలిక సంఘం అధికారికంగా చెప్పడానికి 1965 దాకా పట్టింది.

నహ్మానిదెసు అడిగినదానికి క్రైస్తవ విశ్వాసం దగ్గర ఉన్న జవాబు రెండో రాకడ. వచ్చాడు, పని మొదలుపెట్టాడు, ముగించడానికి మళ్లీ వస్తాడు. ఇది తప్పించుకునే జవాబని యూదు మిత్రులంటారు. ఆ విమర్శలో పస లేదని నేననను. కాని ఈ జవాబు కష్టం వచ్చాక వెతుక్కున్నది కాదు. పౌలు కొరింథీయులకి రాసిన మొదటి ఉత్తరం చివర్లోనే, ప్రభువు రావాలన్న ప్రార్థన అరమాయికు భాషలో ఉంది. సిలువ మీది మనిషే మెస్సీయ అన్న తొలితరమే, పని ఇంకా పూర్తికాలేదని కూడా ఒప్పుకుంది.

ఈ ప్రశ్న మనకి దూరపుదేమీ కాదు. గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిం అనే చిన్న సమాజం ఉంది. బాప్టిస్టు సంఘాల నేపథ్యం ఉన్న మాదిగ కుటుంబాలు కొన్ని దశాబ్దాలుగా సబ్బాతు పాటిస్తూ, సినగాగ్ కట్టుకుని, యూదులుగా బతుకుతున్నాయి. వాళ్లతో మాట్లాడబోయే మన పాస్టర్లు ప్రవచనాల జాబితా ఇంటిదగ్గరే పెట్టి వెళ్లాలని నా మనవి. రోములోని పాంటిఫికల్ బైబిలు కమిషన్ 2001లో విడుదల చేసిన పత్రం, యూదుల మెస్సీయ నిరీక్షణ వ్యర్థం కాదంది. మనమూ ఎదురుచూస్తున్నామని వాళ్లకి చెప్పొచ్చు. ఎవరి కోసమో కూడా చెప్పొచ్చు. వచ్చేవాడికి మనం ఇప్పటికే ఎరిగినవాడి ముఖమే ఉంటుందని అదే పత్రం అంటుంది; సరిగ్గా అక్కడే వాళ్లూ మనమూ విడిపోతాం.