మీటరు చూపే సున్నా
(సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది ఇళ్లలో ఇంజనీరింగో, డిప్లొమానో చదివే మనవలు, మనవరాళ్లు ఉన్నారు. మైక్రోకంట్రోలరుతో హైవోల్టేజి కొలిచే మీటరు చేయడం వాళ్లకు సరదా. మీటర్ల విభాగంలో పనిచేసినవాణ్ణి కనుక దాని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు.

సూత్రం మనకు తెలిసినదే. సబ్‌స్టేషన్ ప్యానెల్ మీది వోల్టుమీటరు 11 కె.వి. చూపించేది. కాని దాని దాకా వచ్చేది 110 వోల్టులే. మధ్యలో పి.టి. ఉండి వందో వంతుకు తగ్గించేది. మైక్రోకంట్రోలరు సంగతీ అంతే. 2010లో వచ్చిన ఆర్డునో ఊనో వంటి బోర్డు 5 వోల్టులకు మించి కొలవలేదు. డి.సి.కి పి.టి. పనికిరాదు గనుక రెసిస్టర్లతో వోల్టేజిని పంచాలి.

వెయ్యి వోల్టుల డి.సి. కొలవాలనుకుందాం. 1 మెగోమ్ రెసిస్టర్లు పది సిరీస్‌లో కలిపి, వాటి కింద 50 కిలోఓమ్‌లు పెట్టాలి. అప్పుడు చిప్పుకు అందేది 201వ వంతు, అంటే సుమారు 4.98 వోల్టులు. ఆ చిప్పు 5 వోల్టులను 1024 మెట్లుగా లెక్కిస్తుంది. మన లెక్కలో ఒక్కో మెట్టు దాదాపు ఒక వోల్టు.

"తాతయ్యా, 10 మెగోమ్‌లది ఒక్కటే పెడితే పోదా?" అని మా మనవడు అడిగాడు. వాట్ల లెక్క ప్రకారం సరిపోతుంది. దాని మీద ఖర్చయ్యేది వాటులో పదో వంతే. కాని పావు వాటు రెసిస్టరు సాధారణంగా 250 వోల్టుల వరకే తట్టుకుంటుంది. పది పెడితే ఒక్కోదాని మీద వంద వోల్టులే పడతాయి.

ఇంకో సంగతి. మీటరు నల్లతీగె నేరుగా బోర్డు గ్రౌండుకు కలుస్తుంది. బోర్డుకు కంప్యూటరు కేబులు తగిలించి ఉంటే కొలిచే సర్క్యూట్లోని కరెంటు కంప్యూటరు దాకా, దాన్ని తాకిన చేతి దాకా రావచ్చు. అందుకని బోర్డును బ్యాటరీతో నడపాలి, మొత్తం ప్లాస్టిక్ పెట్టెలో మూసి ఉంచాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివరికి ఉంచాను. ఆ పది రెసిస్టర్లలో ఏ ఒక్కటి తెగినా మీటరు సున్నా చూపుతుంది. లైనులో వెయ్యి వోల్టులూ అలాగే ఉంటాయి! ఆ సున్నాను నమ్మి చెయ్యి పెడితే ప్రాణమే పోవచ్చు. అందుకే ముందు తెలిసిన సప్లయి మీద మీటరు పనిచేస్తోందని చూసుకోవాలి. తరువాత అసలు చోట కొలవాలి. మళ్లీ తెలిసిన సప్లయి మీద పెట్టి చూడాలి. మూడూ సరిగా ఉంటేనే ఆ సున్నాకు విలువ.

ఎల్.సి. తీసుకున్నాక కూడా లైనును టెస్టు చేసి, ఎర్త్ రాడ్ వేయనిదే మన లైన్‌మన్ సోదరులు తీగె ముట్టేవారు కాదు. కాగితం మీద లైను చచ్చిందన్నంత మాత్రాన వాళ్లు నమ్మలేదు. తెర మీద అంకె కూడా అలాంటి కాగితమే.

కనుక పిల్లలకు నా మాట: ముందు 24 వోల్టుల బ్యాటరీలతో, పక్కన మంచి మల్టీమీటరు పెట్టుకుని సరిచూసుకోండి. హైవోల్టేజిని మాత్రం కాలేజీ ల్యాబులో, మాస్టారు పక్కన ఉండగానే ముట్టుకోండి. పెద్దలారా, మన పాత అలవాట్లు పాతబడలేదు. వాటిని మనవలకు అప్పగించే బాధ్యత మనది.