చెవి నరం కణితి: కొంత మిగిల్చితే ఏమవుతుంది?

లోపలి చెవి నుంచి మెదడుకు వెళ్లే నరం మీద పుట్టే కణితిని అకూస్టిక్ న్యూరోమా అంటారు. ఇది క్యాన్సర్ కాదు, సాధారణంగా మెల్లగా పెరుగుతుంది. ఒక చెవి వినికిడి తగ్గడం, చెవిలో హోరు, నడకలో తూలడం దీని లక్షణాలు.

పెద్ద కణితి పక్కనే ఉన్న ముఖ నరానికి అతుక్కుంటుంది. పట్టుబట్టి మొత్తం తీస్తే మూతి వంకరపోవచ్చు, కన్ను మూసుకోకపోవచ్చు. అందుకే సర్జన్లు ఒక్కోసారి ఆ నరాన్ని అంటిన భాగాన్ని కావాలనే వదిలేస్తారు.

వందేళ్ల కిందట అమెరికా సర్జన్ హార్వీ కుషింగ్, ఆపరేషన్ బల్లమీద మరణాలు తగ్గించడానికి కణితి లోపలి భాగాన్నే తొలిచేవారు. మిగిలింది మళ్లీ పెరిగి, తర్వాతి ఏళ్లలో ఎందరినో బలిగొంది. ఇప్పుడు మైక్రోస్కోపు, ఎమ్మారై, గామా నైఫ్ రేడియేషన్ ఉన్నాయి కాబట్టి కథ మారింది.

ఎంత మిగిలిందన్నదే అసలు సంగతి. పలుచని పొరైతే ఏళ్ల తరబడి కదలకుండా ఉండవచ్చు, కొన్నిసార్లు కుంచించుకుపోతుంది కూడా. ముద్దగా మిగిలితే పెరిగే అవకాశం ఎక్కువ. పెరిగితే రేడియేషన్ ఇస్తారు, అవసరమైతే మళ్లీ ఆపరేషన్ చేస్తారు. పోయిన వినికిడి మాత్రం సాధారణంగా తిరిగిరాదు. తూలడం వ్యాయామాలతో చాలావరకు సర్దుకుంటుంది.

ఎంత మిగిలింది, ఎక్కడ మిగిలింది, తర్వాతి స్కాన్ ఎప్పుడు అని డాక్టరును అడగండి. బాగానే ఉన్నాం కదా అని స్కాన్ మానకండి. నమస్కారం.